బురదగట్టు పీతల సలాం

ఒకప్పుడు, ఏరు సముద్రంలో కలిసే చోట, మడచెట్ల కింది బురదగట్టు మీద ఎవరూ ఎవరికీ చెయ్యెత్తేవాళ్ళు కారు.

ఆ గట్టంతా చిన్న చిన్న పీతలు. మగపీతకు ఒక చెయ్యి మామూలుగా ఉండేది, రెండో చెయ్యి ఒంటికన్నా పెద్దగా ఉండేది. ఆ పెద్ద చేతిని మొహానికి అడ్డంగా, ఎదుటివాడి మీదికి చాచి పెట్టుకునే తిరిగేవి.

ఇద్దరు ఎదురుపడితే చాలు. "వీడు నా బొరియ లాక్కోవడానికే వస్తున్నాడు," అని ఒకడు అనుకునేవాడు. రెండోవాడూ అదే అనుకునేవాడు. ఇక కొట్లాట. జోగులు అనే పీత ఒకసారి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొట్లాడి, తీరా అవతలివాడు తన సొంత తమ్ముడని తెలిసి, "నువ్వట్రా! అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఎవరి గురించీ చెడ్డగా చెప్పకూడదు గానీ, ఆ తమ్ముడూ ఏమంత తెలివైనవాడు కాదు.

ఆ గట్టుకు ఒక దళవాయి ఉండేవాడు. సైన్యానికి పెద్దన్నమాట. పోటు ఎటునుంచి వస్తోందో, కొంగ ఎక్కడ దిగుతోందో చూడడం అతని పని. గట్టు మీద అందరికన్నా పెద్ద చెయ్యి అతనిదే. అది ఎంత పెద్దదంటే, దాని వెనకనుంచి అతనికి ఏమీ కనిపించేది కాదు. కాపలా మాత్రం గొప్పగా కాసేవాడు.

అదే గట్టు మీద పోలయ్య అనే పీత కొత్తగా కాపురం పెట్టాడు. భార్య నూకాలు పొట్టకింద గుడ్లు దాచుకుని బొరియ అడుగున కూర్చుంది. పోటు నీళ్ళు లోపలికి వస్తే గుడ్లు కొట్టుకుపోతాయి. అందుకని పోటుకు ముందే బొరియ మూతికి బురదముద్ద అడ్డం పెట్టాలి. అది మగవాడి పని.

"ఎక్కడ తిరిగినా పోటుకు ముందే వచ్చెయ్ మావా," అంది నూకాలు.

"ఇలా వెళ్ళి నాలుగు ముద్దలు తిని అలా వచ్చేస్తా," అన్నాడు పోలయ్య.

అన్నాడు గానీ, మగపీత భోజనం అంత తొందరగా తెమిలేది కాదు. నూకాలు రెండు చేతులా తింటుంది. పోలయ్య చిన్న చేత్తో ఒక్కో ముద్దా ఏరుకు తినాలి. పెద్ద చెయ్యి తిండికి పనికిరాదు, ఊరికే పక్కన కూర్చుని చూస్తుంది.

పోలయ్య ఇంకా తింటూనే ఉన్నాడు. చల్లటి నీళ్ళు కాలికి తగిలాయి.

"అమ్మో, పోటు!"

గబగబా వెనక్కి తిరిగాడు. ఎదురుగా జోగులు, పెద్ద చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

"ఇవాళ కొట్లాట వద్దు జోగులూ. ఇంట్లో గుడ్లున్నాయి."

"మరి ఆ చెయ్యెందుకు నా మీదికి పెట్టావు?"

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా!"

"అందుకే అడుగుతున్నా."

పోలయ్య చేతిని ఇంట్లో పెట్టి రాలేడు కదా. దాన్ని తిన్నగా పైకెత్తాడు. మొహం, పొట్ట, అన్నీ బయటపడ్డాయి.

"చూడు. దీన్ని నీ మీదికి తేవడం లేదు."

పైన ఏముందోనని జోగులు ఆకాశం వంక చూశాడు. ఏమీ లేదు. అయినా తనూ చెయ్యెత్తాడు. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనిపించింది.

"ఏమయ్యోయ్, నీ మూతి మీద మచ్చ ఉందే!"

"పుట్టినప్పటినుంచీ ఉంది. జరుగు."

జోగులు జరిగాడు. ఆ తర్వాత ఎదురైనవాళ్ళందరూ అలాగే జరిగారు. పోలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటి దగ్గర రెండు మడచెట్ల వేళ్ళ మధ్య ఇరుకు దారి. అక్కడ దళవాయి.

"ఎవడ్రా అది?"

"నేనేనండీ, పోలయ్యని," అంటూ దళవాయి చేతి పైనుంచి కనిపించేలా చెయ్యెత్తాడు.

"ఓడిపోయానని ఎత్తావా?"

"కాదండీ."

"నా చెయ్యి చూసి జడిశావా?"

"జడిస్తే వెనక్కి పారిపోయేవాణ్ణి కదండీ. మీరు మా అందరికోసం గట్టు కాస్తున్నారు. ఆ కాపలాకి ఎత్తాను."

దళవాయికి ఈ మాట బాగా నచ్చింది. "మంచిది. రోజూ ఎత్తు," అన్నాడు. తన చెయ్యి మాత్రం కదపలేదు.

"మీరూ ఎత్తాలండీ."

"నేనా? పెద్దవాణ్ణి!"

"చిన్నవాణ్ణి కాబట్టి ముందు నేనెత్తాను. మీరు ఎత్తకపోతే మీ చెయ్యి ఇంకా నా మీదే ఉన్నట్టు. నేను నమ్మి అడుగెలా వెయ్యను?"

నీళ్ళు పోలయ్య మోకాళ్ళదాకా వచ్చాయి. అవతల నూకాలు ఉంది, గుడ్లు ఉన్నాయి. చెయ్యి దించి కొట్లాడదామా అనిపించింది. కానీ దించితే, మాట తప్పినట్టే. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు.

ఆ చెయ్యి ఎంతకీ దిగకపోవడం దళవాయి చూశాడు. అతని ముందు ఇంతవరకూ ఎవరూ పొట్ట చూపించి నిలబడలేదు. మెల్లగా తన చెయ్యి పైకెత్తాడు. ఎన్నేళ్ళుగానో కదలని చెయ్యి, కిర్రుమంది. దానిమీద నాచు కూడా పట్టింది.

చెయ్యి అడ్డం తొలగేసరికి దళవాయికి ఎదర ఉన్నదంతా కనిపించింది. పోలయ్య వెనక రెండు సన్నటి కాళ్ళు. వాటిపైన తెల్లటి మెడ. ఆ మెడ వంగుతోంది.

"కొంగ! పడుకో!"

పోలయ్య బురదలో అతుక్కుపోయాడు. ముక్కు అతని పక్కన బురదలో కస్సున దిగింది. గట్టు మీది పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లో మాయమయ్యాయి. కొంగ ముక్కు దులుపుకుని, అటువైపు ఏదో పని ఉన్నట్టు నడిచి వెళ్ళిపోయింది.

పోలయ్య బొరియలోకి దూకి, బురదముద్ద లాగి మూతికి అడ్డం పెట్టాడు. మరుక్షణం నెత్తిమీద పోటు నీళ్ళు గలగలమన్నాయి. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

"గుడ్లు?" అన్నాడు రొప్పుతూ.

"బాగున్నాయి. ఇంట్లో కూడా ఆ చెయ్యెందుకు పైకి పెట్టుకున్నావు?"

"పట్టేసిందే. దిగడం లేదు."

మర్నాడు పోటు తగ్గి ఆటు రాగానే దళవాయి అందరినీ పిలిచాడు. "ఎదురుపడితే ఆగాలి. చిన్నవాడు ముందు ఎత్తాలి. పెద్దవాడు తప్పకుండా తిరిగి ఎత్తాలి. తిరిగి ఎత్తనివాడు పెద్దవాడు కాడు," అన్నాడు. నిన్నటిదాకా తను ఏం చేశాడో ఎవరూ గుర్తుచెయ్యలేదు, మర్యాద కాదని.

"ఎడమచెయ్యి పెద్దదైతే?" అన్నాడు జోగులు.

"ఎడమచెయ్యే ఎత్తు. కానీ నిండుగా ఎత్తు. దోమల్ని తోలుతున్నట్టు కాదు."

"మరి మాకు పెద్ద చెయ్యి లేదే?" అంది నూకాలు.

"కాడల మీది కళ్ళు నిటారుగా నిలబెట్టమ్మా. నిన్ను చూశాను, నీతో పేచీ లేదు అని తెలిస్తే చాలు."

కొన్నాళ్ళకు నూకాలు గుడ్లు పగిలి, పిల్లలు ఏటి నీళ్ళలోకి ఈదుకుంటూ పోయాయి. పెరిగి మళ్ళీ గట్టెక్కినప్పుడు వాటికి మొదట కనిపించింది, బొరియల ముందు చేతులెత్తి నిలబడ్డ ఊరంతా.

అప్పటినుంచే ఏరు సముద్రంలో కలిసే మొగలో ఆటు వచ్చి బురద తేలగానే, చిన్న పీతలు బొరియల ముందుకొచ్చి పెద్ద చెయ్యి పైకెత్తుతాయి. ఒకసారి ఎత్తి ఊరుకోవు. అవతలివాళ్ళు తిరిగి ఎత్తేదాకా ఎత్తుతూనే ఉంటాయి.