రాజుగారి మేడ మీద వంకాయ వరుగులు

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటారా? తూర్పు కోటలో కోడి కూస్తే పడమటి కోటలో వాళ్ళకి మర్నాడు వినపడేది. నమ్మకపోతే మానెయ్యండి, కథ మాత్రం వినండి.

దాన్ని ఏలే దుందుభి రాజుకి మీసాలు జాస్తి, గొప్పలు ఇంకా జాస్తి. ఆయన వంటశాలకి పెద్ద వంటగత్తె నూకాలమ్మ. పులుసు ఉడికే చప్పుడు విని అందులో ఉప్పెంత తగ్గిందో చెప్పేసే మనిషి.

ఆ ఏడు వంకాయలు విరగకాశాయి. అలా ఇలా కాదు, ఆవులు కూడా తినలేక మొహం తిప్పేసుకున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం ఒక్క కాయ పారెయ్యలేదు. చక్రాల్లా తరిగి, ఉప్పేసిన మజ్జిగలో ముంచి, గలగలలాడేలా ఎండబెట్టి, వరుగులు చేసి కుండల్లో దాచుకున్నారు. వానాకాలం ఏరు పొంగితే రెండు నెలలు ఆ ఊరికి కూరల బండి రాదు మరి. అప్పుడు ఆ కుండలే దిక్కు. నూకాలమ్మ ఇంట్లోనూ ఏడు కుండలున్నాయి. తినే నోళ్ళు తొమ్మిది.

ఓ రోజు పొరుగు రాజు విందుకొచ్చాడు. నూకాలమ్మ ముచ్చటపడి వరుగుల పులుసు పెట్టింది. ఆయన మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. తీరా మూతి తుడుచుకుని, "ఏం బావా, మీ రాజ్యంలో పచ్చి కూరలకి కరువొచ్చిందా? ఎండు ముక్కలు పెట్టించావు!" అన్నాడు.

దుందుభి రాజు మీసం వాలిపోయింది. మర్నాడే దండోరా.

"నా రాజ్యంలో నిలవ తిండి ఎవడూ తినకూడదు! నిన్నటిది ఏదీ ఇవాళ ఏ ఇంట్లోనూ ఉండకూడదు! ఉన్నదంతా ఎల్లుండి మధ్యాహ్నానికల్లా ఏట్లో పొయ్యాలి. ముందు నా ఇంటి నుంచే మొదలు! దుందుభి మాటంటే మాటే!"

ఆ సాయంత్రం నూకాలమ్మ కుండల ముందు చతికిలబడింది. ఒకదాని మూత తీసింది. లోపల్నుంచి ఎండ వాసన కొట్టింది. నెల రోజుల ఎండ అది. నడుం విరిగేలా తరిగింది, కాకుల్ని తోలింది, మబ్బు పట్టినప్పుడల్లా చాపలెత్తుకుని పరుగెత్తింది. ఇదంతా ఏట్లో పోస్తే శ్రావణంలో పిల్లల కంచాల్లో ఏం పెడుతుంది?

ఎదురు చెబితే కొరడా. ఏడిస్తే ఆ రాజుకి వినపడదు. చాలాసేపు ఆలోచించింది. ఈయన చెవికెక్కే మాట లోకంలో ఒక్కటే ఉంది, అది ఆయన మాటే. సరే, ఆయన మాటే విందాం అనుకుని మూత పెట్టేసింది.

గడువు రోజు రాజు వేట నుంచి నకనకలాడుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. నూకాలమ్మ ఆకేసి, ఒక పచ్చి వంకాయ, గుప్పెడు తోటకూర, చెంబుడు నీళ్ళు పెట్టింది.

"ఇదేమిటే నూకాలూ! అన్నమేదీ?"

"బియ్యం నిరుటి పంటవి మారాజా. నిలవ."

"పప్పు?"

"కందులు ఇంటికొచ్చి నాలుగు నెల్లయింది."

"పోనీ ఈ వంకాయకి చింతపండూ ఉప్పూ వేసి వండలేకపోయావా?"

"చింతపండు కిందటేడాది చెట్టు దిగింది. ఉప్పు ఎప్పుడు ఎండిందో ఆ సముద్రానికే తెలియాలి."

"నెయ్యి?"

"వారం రోజులు పోగేసిన వెన్నండీ అది!"

"పెరుగైనా తగలెయ్యవే!"

"రాత్రి తోడెట్టింది. అంటే నిన్నటిదేగా మారాజా?"

రాజు ఎర్రబడ్డాడు. "మరి అవన్నీ ఏం చేశావు?"

"మీరే చూడండి" అని కిటికీ తెరిచింది.

ఏటి గట్టు మీద బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ముందు వరస కోట గాదెల్లోని ధాన్యం. ఆ వెనక నేతి జాడీలు, బెల్లం బుట్టలు. వాటి వెనక, చంకలో కుండలతో ఊరి ఆడవాళ్ళు గుడ్లప్పగించి నిలబడ్డారు.

"ముందు మీ ఇంటి నుంచే అన్నారుగా. మీరు ఊ అనండి, పోసేస్తారు. తర్వాత మేమూ పోస్తాం."

రాజు నోరు తెరిచాడు. ఊ రాలేదు. గట్టు అవతల కొండ మీద తొలి మబ్బు కనపడింది. కిటికీ దగ్గర్నుంచి వెనక్కొచ్చి మళ్ళీ పీట మీద కూలబడ్డాడు.

నూకాలమ్మ గొంతు తగ్గించింది. "మారాజా, కాసినప్పుడు అందరింట్లోనూ కాస్తుంది. ఆ నాడు తినడం పెద్ద గొప్ప కాదు. కాయని నాటికి కూడా కంచంలో ఏదో ఒకటి ఉందంటే, ఆ రాజ్యంలో ఎవరో ముందే ఆలోచించారన్నమాట. మీ గాదె చేసేదీ అదే, నా కుండ చేసేదీ అదే. మీది పెద్దది, అంతే తేడా."

రాజు ఏదో అనబోయాడు. ఈలోగా ఆయన కడుపు ఉరిమింది. ఎంత గట్టిగానంటే, గట్టు మీద ఆడవాళ్ళు వానొచ్చిందనుకుని కుండలకి కొంగులు కప్పేశారు!

అది చూసి రాజుకి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ పీట మీంచి జారిపడ్డాడు. "బళ్ళు వెనక్కి తిప్పండ్రా! దండోరా రద్దు! నూకాలూ, ముందు అన్నం వండు. ఆ వరుగుల పులుసు కూడా. తిన్నాక ఏం కావాలో కోరుకో."

మూడోసారి పులుసు వడ్డిస్తూ నూకాలమ్మ అడిగింది. "బంగారం వద్దు మారాజా. మీరు మేడ మీద తిరిగేది సాయంత్రం పూటే కదా. పొద్దంతా అక్కడ ఎండ ఊరికే పోతోంది. అది మాకిప్పించండి."

మరుసటి వేసవికి పొరుగు రాజు మళ్ళీ వచ్చాడు. సింహాసనం ఖాళీ. వెతుక్కుంటూ మేడెక్కితే, ఈ చివర్నుంచి ఆ చివరికి చాపలు, చాపల నిండా ఊరందరి వంకాయ చక్రాలు, మధ్యలో కిరీటం మీద తడిగుడ్డ వేసుకుని కర్ర ఊపుతూ దుందుభి రాజు.

"ఏం బావా, ఏమిటీ అవతారం?"

"కబుర్లు తర్వాత! ఆ రెండో కర్ర అందుకో. నీ వెనకే కాకి!"