వెళ్ళొస్తాను

నర్సింగ్ స్కూల్లో రూతమ్మ గారిని ప్రశ్న అడగాలంటే పిల్లలు ముందు కాళ్ళలో ఓపిక చూసుకునేవారు. ఆవిడ జవాబు చెప్పరు. లేచి, అడిగిన పిల్లని వెంటబెట్టుకుని వార్డుల వైపు నడుస్తారు. రెండో ఏడు చదువుతున్న వినోదిని ఒకనాడు ఇలా అడిగింది.

"మేడం, పోస్టింగ్ మారాక పాత వార్డులో పేషెంట్లు మనకేమవుతారు?"

రూతమ్మ గారు లేచారు.

ఆ పిల్ల ఎవరి గురించి అడిగిందో ఆవిడకి తెలుసు. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో సన్యాసమ్మ అని విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చిన ముసలామె ఉంది. షుగరు వల్ల కాలికి పుండు పడి, విషం ఒళ్ళంతా పాకింది. నా అన్నవాళ్ళు లేరు. వినోదిని రోజూ ఆ పుండు కడిగి కట్టు కట్టేది. కాన్పుల వార్డుకి మారిన రోజున, అందరూ అన్నట్టే "వెళ్ళొస్తాను మామ్మా" అని వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. కాన్పుల వార్డులో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదన్నది నిజమే. అక్కడికి వెళ్తే ఏం చూడాల్సి వస్తుందోనని భయపడిందన్నది అంతకంటే నిజం.

ఇద్దరూ సన్యాసమ్మ మంచం దగ్గరికి వెళ్ళేసరికి అక్కడి నర్సు విసుక్కుంటోంది. కట్టు విప్పబోతే ముసలామె కాలు వెనక్కి లాక్కుంటోందట, ఆ పిల్ల వచ్చి కడుగుతుంది ఆగండి అంటోందట. వినోదినికి తలెత్తడానికి ముఖం చెల్లలేదు. సన్యాసమ్మకి అప్పటికే చూపు సరిగా ఆనడం లేదు. పలకరించిన గొంతు గుర్తుపట్టి నవ్వింది.

"ఎల్లొత్తానన్నావు గదా. రాకేటి సేత్తావులే అనుకున్నాను."

వినోదిని పుండు కడిగింది, కట్టు కట్టింది. లేచి నిలబడ్డాక గానీ అసలు కష్టం తెలియలేదు. వెళ్ళొస్తాను అందామంటే, ఆ మాట ఎంత అబద్ధమో ఇప్పుడు తనకి తెలుసు. పోనీ వెళ్తాను అందామంటే, మంచాన పడిన మనిషి ముందు ఆ మాట ఎవరంటారు? ఆ రెండింటికీ మధ్య ఇంకో మాట పాపం ఆ పిల్లకి దొరకలేదు. రూతమ్మ గారు పక్కనే ఉండి కూడా సాయానికి రాలేదు. చివరికి సన్యాసమ్మే తడుముకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వుండమ్మా. ఈసారి నానెల్లొత్తాను."

మర్నాడు పొద్దున ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు.

కబురు విన్న వినోదిని కాన్పుల వార్డు వెనక మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే, రూతమ్మ గారు వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"మామ్మకి అబద్ధం చెప్పాను మేడం. నమ్మి ఎదురుచూసింది."

రూతమ్మ గారు అన్నారు:

"తనూ నీకు వెళ్ళొస్తాననే చెప్పింది. రాదు కదా. నీకు కోపం వచ్చిందా?"