దూసిన కొమ్మ

అనగనగా ఒక అడవి. పిల్లలూ, ఆ అడవిలో తెల్లవారిందని కోడి చెప్పేది కాదు, కాఫీ వాసన చెప్పేది. కొండ కింద దారి మలుపులో ఒక పాక ఉండేది. అందులో గుబురయ్య అనే ఎలుగుబంటి పెద్ద ఇనప మూకుట్లో కాఫీ గింజలు వేయించేవాడు. ఆ వాసనకి నెమలి, దుప్పి, అడవిదున్న వచ్చి అరుగు మీద చేరేవారు. తలా ఒక గ్లాసు తాగి, లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుని వెళ్లేవారు. గుబురయ్యకి పెళ్లాం బిడ్డలు లేరు. ఆ అరుగే అతని సంసారం.

గింజలు కొండ మీంచి వచ్చేవి. అక్కడ పెద్ద చెట్ల నీడలో మూడు తోటలు ఉండేవి. ఒకటి ముళ్లపంది సూదమ్మది, ఇంకొకటి ఉడుత చారయ్యది, మూడోది కుందేలు దూదమ్మది. కాఫీ పండ్లు మహా పెంకివి. అన్నీ ఒక్కసారి పండవు. ఒకే కొమ్మ మీద ఎర్రవీ పచ్చివీ పక్కపక్కనే కూర్చుంటాయి. ఎర్రబడ్డవే ఒక్కొక్కటిగా ఏరాలి. కొన్నాళ్లు ఆగి మళ్లీ ఏరాలి. ఇంకా ఆగి మూడో విడత ఏరాలి. ఓపిక లేక కొమ్మంతా దూసేస్తే పచ్చికాయలు కూడా బుట్టలో పడతాయి. పచ్చికాయ గింజ ఎంత వేయించినా రంగు తిరగదు. పాలిపోయి, గడ్డి రుచి వస్తుంది.

ప్రతి విడతకీ గుబురయ్య మూడు రాగుల మూటలు భుజాన వేసుకుని తనే కొండెక్కేవాడు. ఇంటికొక మూట ఇచ్చేవాడు. సూదమ్మ పెట్టిన అంబలి తాగేవాడు. దూదమ్మ పిల్లలు అతని వీపు మీద ఎక్కి దొర్లుతుంటే కదలకుండా పడుకునేవాడు. ఎండబెట్టిన గింజలు మూట కట్టుకుని సాయంత్రానికి దిగేవాడు.

ఒక ఏడు గుబురయ్యకి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే కొండముచ్చు తోకయ్య పాకకి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు అంటారు కదా.

"ఎందుకు మావా ఈ వయసులో ఎక్కడాలు, దిగడాలు?" అన్నాడు తోకయ్య. "గింజలు నీ గుమ్మంలోకి నేను తెచ్చి పడేస్తాను. రాగులు కూడా ఇన్ని అక్కర్లేదు. సగం ఇవ్వు చాలు. మిగతా పని నాకొదిలెయ్."

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది గుబురయ్యకి. సగం రాగులతో మూడిళ్ల వాళ్లూ ఎలా తింటారని అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే మళ్లీ కొండెక్కాల్సి వస్తుందేమోనని అడగలేదు. చూశారా, తెలియక అడగకపోవడం వేరు. తెలుస్తుందేమోనని అడగకపోవడం వేరు.

మొదటి ఏడు కాఫీ కాస్త పలచబడింది. పైకి వెళ్లే రోజుల్లో గుబురయ్య పండు రంగు కళ్లతో చూసేవాడు. ఇప్పుడు మూటలో గింజలన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. మూకుట్లో పోశాక మాత్రం అక్కడక్కడ పాలిపోయిన గింజలు తేలుతున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అతను తప్పు మూకుడు మీదికి నెట్టి కొత్త మూకుడు తెచ్చాడు. నెమలి రెండు రోజులు చూసి రావడం మానేసింది.

రెండో ఏడు పాలిపోయిన గింజలు ఇంకా పెరిగాయి. ఈసారి కట్టెలది తప్పన్నాడు. చింతకట్టెలు మాని మామిడికట్టెలు పెట్టాడు. దుప్పి ఒక గుక్క తాగి, పిల్లకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లింది. ఆ పిల్ల ఎప్పటికీ కోలుకోలేదు కాబోలు, తల్లి మళ్లీ కనపడలేదు.

మూడో ఏడు మూకుడంతా గడ్డివాసన. గుబురయ్య తన ముక్కునే అనుమానించాడు. అడవిదున్న మర్యాదస్థుడు. మొహం చిట్లించకుండా గ్లాసు మొత్తం తాగేవాడు. ఒక పొద్దున అతనూ రాలేదు.

ఆ తర్వాత ఏడు పండ్ల కాలం వచ్చింది కానీ తోకయ్య రాలేదు. గుబురయ్య అలవాటు కొద్దీ అరుగు ఊడ్చేవాడు. నాలుగు గ్లాసులు కడిగి బోర్లించేవాడు. కూర్చునేవాడు. దారిన ఎండుటాకు కదిలితే తల ఎత్తేవాడు. మాట్లాడి ఎన్నాళ్లయిందో, ఒకరోజు దగ్గితే తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇలాగే ఉంటే ఈ పాకలోనే, ఎవరికీ తెలియకుండా అయిపోతానని భయమేసింది. మోకాళ్లకి గుడ్డ చుట్టుకుని కొండెక్కాడు.

పైన చారయ్య తోటలో ముళ్లకంప నడుము దాకా లేచింది. దూదమ్మ ఇంటి ముందు గడ్డి మొలిచింది. వీపు మీద ఎక్కడానికి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. చివరి తోటలో సూదమ్మ ఒక్కతే పండ్లు ఏరుతోంది. అతన్ని చూసి కూడా చేతిలో పని ఆపలేదు.

మిగతావాళ్లేరని గుబురయ్య అడిగాడు.

"ఎల్లిపోనారు" అంది సూదమ్మ. "చారయ్య ఏరు దాటి ఆవలి కొండకి పోనాడు. దూదమ్మ పిల్లల్ని ఎంటేసుకుని వానల్లోనే పోయింది. ఎటు పోయిందో తెలీదు."

"గింజలు పచ్చివి పంపడం మొదలెట్టారెందుకమ్మా?"

అప్పుడు ఆమె చేయి ఆగింది. "మూడు విడతలు ఏరాలంటే మూడు విడతలు తినాలి కదన్నా. నువ్వు సగమే ఇమ్మన్నావని తోకయ్య చెప్పినాడు. అందులో మళ్లీ సగం వాడే ఉంచుకున్నాడు. ఆకలితో ఉన్నోళ్లు పండు ఎర్రబడేదాకా ఆగలేరు. కొమ్మంతా దూసి ఇచ్చేసి, దుంపలు తవ్వుకోడానికి పోయేవోళ్లం."

"నేను అలా అనలేదమ్మా."

"అనలేదేమో. మాకు ఎలా సరిపోతాదని అడగనూ లేదు."

గుబురయ్య బుట్ట తీసుకుని పక్క చెట్టు దగ్గర నిలబడ్డాడు. ఎలుగు పంజా కదా, ఒక్క ఊపుకి కొమ్మంతా ఊడివచ్చింది, ఎర్రవీ పచ్చివీ కలిసి. సూదమ్మ పచ్చివి ఏరి పారేసింది. అతను మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి రెండు గోళ్లతో, ఒక్కొక్క పండు. సాయంత్రానికి నడుము విరిగింది, బుట్ట సగం కూడా నిండలేదు. ఇన్నేళ్లూ తను గ్లాసులో పోసింది ఎవరి నడుమో ఆ రోజు తెలిసింది.

ఆ ఏడు సూదమ్మ తోట గింజలే వేయించాడు. ఒక్కటీ పాలిపోలేదు. వాసనకి అడవిదున్న వచ్చాడు, తర్వాత దుప్పి కూడా. గింజలు నెల తిరక్కుండా అయిపోయాయి. ఇంకా లేవా అని దుప్పి అడిగితే, తన మూలాన రెండు తోటలు పాడుపడ్డాయని దాచకుండా చెప్పాడు. చెప్పడం కష్టంగానే ఉంది.

వానలు పట్టాయి. చెట్ల మీద ఒక్క పండు లేదు, కొండ మీద తినడానికీ ఏమీ లేని కాలం. గుబురయ్య రాగుల మూట నెత్తిన పెట్టుకుని తడుస్తూ ఎక్కాడు. సూదమ్మకి నిండు మూట ఇచ్చాడు. ఏట్లో నీళ్లు తగ్గాక ఆవలి కొండకి ఇంకో మూట మోసి చారయ్యని క్షమించమని అడిగాడు. పండ్ల కాలానికి చారయ్య తిరిగి వచ్చాడు. తోకయ్య సంగతంటారా, వాడు ఇంకో కొండ చూసుకున్నాడు. అలాంటివాళ్లకి కొండల కొదవేమిటి?

దూదమ్మ ఆచూకీ మాత్రం తెలియలేదు. గుబురయ్య కనిపించిన ప్రతి పిట్టనీ అడిగాడు. ఎవరూ చూడలేదన్నారు. కొండెక్కిన ప్రతిసారీ అతను ఆ తోటలోకి వెళ్లి కలుపు తీసేవాడు, వాకిట్లో గడ్డి పీకేవాడు. అలా రెండేళ్లు గడిచాయి. ఒకరోజు చారయ్య చెట్టు దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అది ఇంక రాదు మావా" అన్నాడు మెల్లగా.

"తెలుసురా" అన్నాడు గుబురయ్య. తల ఎత్తకుండా పక్క పాదులోని కలుపు తీయసాగాడు.

నీతి: మన చేతికి చవగ్గా వచ్చిన దాని బరువు ఇంకెవరి వీపు మీదో పడే ఉంటుంది, అది ఎవరి వీపో వాళ్లు వెళ్లిపోకముందే అడగాలి.