ఎర్రబడని లోహం

సముద్రం పక్కన ఒక కొండ మీది పూలతోటలో పైడిరాజు అనే వెల్డింగ్ మేస్త్రీ ఉండేవాడు. ఇనుము పని ఎంతైనా చేసేవాడు గాని, "నాకు తెలియదు" అనే చిన్న మాట మాత్రం చచ్చినా అతని నోట వచ్చేది కాదు.

ఎవరు ఏ పని చెప్పినా "అదెంత పని!" అనేవాడు. గేట్లు, రెయిలింగులు, ఊయలలు బాగుచేసినంత కాలం ఆ మాట చెల్లింది.

తోటకు వచ్చిన వాళ్లలో నడవలేని వారిని కొండ కిందికి దించడానికి గోల్ఫ్ కార్టులు ఉండేవి. అక్కడ అందరూ వాటిని బ్యాటరీ బండ్లు అనేవారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని అల్యూమినియం ఫ్రేములున్న బండ్లు కొన్నారు. వాటికి తుప్పయితే పట్టలేదు గాని, మలుపుల్లో కుదుపులకు ఒక బండిలో వెనక సీటును మోసే కడ్డీ బెత్తెడు మేర పగిలింది.

బండ్లు చూసుకునే హైమావతి పైడిరాజును పిలిపించింది.

"ఇది అల్యూమినియం, పైడిరాజూ. అలవాటు లేకపోతే ఇప్పుడే చెప్పు. కింద ఊళ్లో మస్తాన్ సాయిబు గారున్నారు, పెళ్లి వంటల అల్యూమినియం డేగిసాలకు అతుకులు వేస్తారు. ఆయన్ని రమ్మంటాను" అంది.

"గిన్నెలకి మాట్లేసే సాయిబు ఎందుకు మేడమ్? అదెంత పని! మద్దేనానికల్లా బండి తిరుగుతాది" అన్నాడు పైడిరాజు.

షెడ్డులోకి వెళ్లి గ్యాస్ మంట వెలిగించాడు. ఇనుమైతే కరిగే ముందు ఎర్రబడి, ఇక చాలు అని చెబుతుంది. ఆ ఎరుపు కోసమే అతను కాచుకుని కూర్చున్నాడు. కడ్డీ తెల్లగానే ఉంది. ఇంకాస్త మంట పెట్టాడు. అప్పటికీ తెల్లగానే ఉంది. ఉన్నట్టుండి మంట కింద ముక్క జారిపోయి, కడ్డీలో బొటనవేలంత కంత పడింది.

పైడిరాజు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడైనా హైమావతి దగ్గరికి వెళ్లి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మహానుభావుడు అలా చేస్తాడా! కంతలో, గోడలకు రంగు వేసే ముందు పూసే లప్పం కూరాడు, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు, పైన వెండిరంగు కొట్టాడు.

ఆ తోటలో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన బండి మొదటిసారి కొండ దిగేటప్పుడు, బాగుచేసిన మేస్త్రీ వెనక సీట్లో కూర్చుని దిగాలి. ఖాళీ బండే కదా, ఒక్క మనిషి బరువుకు ఏమీ కాదు, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాడు పైడిరాజు. కాని ఆ రోజు సెలవు కావడంతో జనం విరగబడ్డారు.

"నువ్వు ఎలాగూ వెనక ఎక్కుతావుగా, మిగతా సీట్లు నింపేస్తున్నాం" అంది హైమావతి.

కంత సంగతి చెప్పకుండానే పైడిరాజు వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు.

పక్కన గవరమ్మ అనే ముసలావిడ ఎక్కింది. మోకాళ్ల నొప్పులతో నడవలేదు. వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి కాళ్ల ముందే రోడ్డు, రోడ్డు పక్కనే లోయ కనబడుతున్నాయి. ఆవిడ పైడిరాజు మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"దిగుడంటే నాకు మా భయం బాబూ. బండి గట్టిదేనా?"

ముందు నుంచి డ్రైవరు సన్యాసినాయుడు నవ్వాడు. "బాగుసేసినోడు నీ పక్కనే ఉన్నాడే అమ్మా!"

"అలాగా! సేసినోడే ఎక్కితే ఇంక నాకేటి భయం" అంది గవరమ్మ. ఆవిడ చేతి పట్టు సడలింది.

ఆవిడ భయమంతా ఇప్పుడు పైడిరాజుకు పట్టుకుంది. మొదటి మలుపులో కడ్డీ వంక చూశాడు. వెండిరంగు మీద దారంలాంటి గీత కనబడింది. రెండో మలుపులో ఆ గీత నోరు తెరిచింది. లప్పం పొడి రాలి గవరమ్మ చీర కుచ్చెళ్ల మీద పడింది. ఆవిడ పూల పుప్పొడి అనుకుని దులుపుకుంది. లోపల ఎక్కడో 'టక్' అని వినబడింది. మూడో మలుపు ఆ కొండ మీద అన్నిటికంటే వాలు ఎక్కువైనది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఈ ముసలావిడ లోయలో పడుతుంది. ఇక పైడిరాజు ఆగలేదు.

"ఆపు నాయుడూ! బండాపు! అందరూ దిగిపోండి!" అని గొంతు చించుకుని అరిచాడు.

బండి ఆగింది. పైడిరాజు గవరమ్మను రెండు చేతులా ఎత్తి కిందికి దించాడు. అందరూ దిగాక, సన్యాసినాయుడు బండిని పక్కకు పెట్టబోయాడు. రెండు గజాలు కదిలిందో లేదో, కడ్డీ పుటుక్కున విరిగి వెనక సీటు రోడ్డు మీద కూలబడింది.

గవరమ్మ ఆ సీటు వంక చూసింది, పైడిరాజు వంక చూసింది.

"ఇది నీకు ముందే తెల్సా బాబూ?" అని మెల్లిగా అడిగింది.

తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి. "తెలుసమ్మా" అన్నాడు తలవంచుకుని. "అల్యూమినియం పనే నాకు తెలీదు." పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

కబురు అంది హైమావతి పరుగున వచ్చింది. విరిగిన కడ్డీని, రాలిన లప్పాన్ని చూసి, "నేర్చుకుని వచ్చేదాకా నా బండ్ల మీద చెయ్యి వేయకు" అంది.

మర్నాడు పైడిరాజు మస్తాన్ సాయిబు ముందు నిలబడ్డాడు.

"ఏం వచ్చు నీకు?" అని అడిగాడు సాయిబు.

"దీంట్లో ఏటీ రాదు సాయిబు గారూ."

సాయిబు అల్యూమినియం ముక్క మీద బట్టల సబ్బుతో గీత గీసి మంట చూపించాడు. కాసేపటికి గీత నల్లబడింది. "ఇది ఎర్రబడదు నాయనా. సబ్బు నల్లబడిందంటే కరిగే వేళ దగ్గరికొస్తోందని, చెయ్యి జాగ్రత్త అని. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ ముందు చిన్న బెజ్జం వేసుకో, లేకపోతే అది పాకుతూనే ఉంటుంది."

"ఇంతేనా!" అన్నాడు పైడిరాజు.

"అడిగినవాడికి ఇంతే" అన్నాడు సాయిబు.

రెండు నెలలకు పైడిరాజు ఆ కడ్డీని సాయిబు ఎదుటే అతికాడు. అప్పుడు కూడా వెనక సీటు నిండా ఇసుక బస్తాలు వేసుకుని, పక్కన తానొక్కడే కూర్చుని కొండ దిగాడు. బండి కిర్రుమనలేదు. అయినా మూడో మలుపు రాగానే అతని మణికట్టు మీద ఎవరో నమ్మి చెయ్యి వేసినట్టయింది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఆ మలుపులో అతనికి అలాగే అనిపించేది.

నీతి: రాని పనిని రాదని చెబితే కాసేపు సిగ్గు పడతాం, అంతే; వచ్చని అబద్ధమాడితే మనల్ని నమ్మినవాళ్ల ప్రాణాల మీదికి తెస్తాం.