పలక మీది మూడో మాట

చతురస్రాల ఊరికి ఒకటే ద్వారం. ద్వారం పైన ఒక పలక, దాని మీద ఒక మాట: "చతురస్రమైతే నాలుగు భుజాలూ సమానంగా ఉంటాయి." ద్వారం దగ్గర ఒక కాపలాదారు. స్థిమితం అన్నది ఎరగడు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే నడుముకున్న కొలతతాడు తడుముకునేవాడు.

వానలు మొదలయ్యే ముందు ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ. అందరూ ధాన్యపు కొట్టు మీదికెక్కి, భుజానికి భుజం ఆనించి పడుకుంటారు. వాళ్లే కప్పు. సందు మిగిలితే గింజ తడుస్తుంది, గింజ తడిస్తే ఏడాదంతా పస్తులే.

ఒక ఏడు, ఒక పక్కకు ఒరిగి నడిచేవాడొకడు ద్వారం దగ్గరికి వచ్చాడు. కాపలాదారు తాడు పెట్టి కొలిచాడు. నాలుగు భుజాలూ సమానమే. మనసు ఎక్కడో పీకినా లోపలికి పంపాడు. ఆ వానలకు కొట్టు కారింది. ఒరిగినవాడు పడుకున్న చోట రెండు పక్కలా సందులే.

"వీణ్ణి ఎవడు రానిచ్చాడు?" అని మండిపడ్డాడు రాజు.

"నేను మీవాణ్ణని నేనెప్పుడూ అనలేదు ప్రభూ. మీ కాపలాదారే అన్నాడు," అని ఒరిగినవాడు తనలాంటివాళ్లను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

కాపలాదారుకు తల కొట్టేసినట్టయింది. పలక అబద్ధమాడలేదు. ఊళ్లో ప్రతివాడి విషయంలోనూ ఆ మాట నిజమే. తనే దాన్ని తిరగేసి చదివాడు, నాలుగూ సమానమైతే చతురస్రమేనని.

రాజు రెండో మాట చెక్కించాడు: "నాలుగు కోణాలూ సమానంగా ఉండాలి." ఇప్పుడు పలకను ఎటునుంచి చదివినా నిజమే. మనవాళ్లెవరూ బయట మిగలరు, పరాయివాడెవడూ లోపలికి రాడు. చాలా కాలానికి కాపలాదారు కంటినిండా నిద్రపోయాడు.

కానీ రాజుకు పట్టుకున్న భయం ఒక పట్టాన వదల్లేదు. మళ్లీ వానాకాలం ముంచుకొస్తుంటే కొత్త పలక చెక్కించి, మూడో మాట కూడా వేయించాడు: "అడుగు భుజం నేలకు ఆని ఉండాలి."

కాపలాదారు అది చదివి గబగబా ఇంటివైపు చూశాడు. అతని కూతురు పుట్టినప్పటినుంచీ మూల మీదే నిలబడుతుంది. కప్పులో మాత్రం ఆమె చోటు ఆమెకు అతికినట్టు సరిపోయేది. ఆ సంగతి ఎవరూ తలుచుకోలేదు. మధ్యాహ్నానికల్లా భటులు ఆ పిల్లను ద్వారం అవతల నిలబెట్టేశారు.

"కాస్త తిరిగి నిలబడమ్మా," అని బతిమాలాడు కాపలాదారు. "పొద్దుగూకితే తలుపేసెయ్యాలి."

"తిరగగలను నాన్నా. తిరిగితేనే నీ కూతుర్నా?"

దూరంగా ఉరిమింది. ఊరివాళ్లు కొట్టు వైపు పరుగులు పెడుతున్నారు. కొత్త పలక ఇంకా గోడకు ఆనించే ఉంది. అతను దాన్ని ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చివరికి ఒకే మేకు కొట్టి, మూల పట్టుకుని వేలాడదీశాడు.

రాజు చూడ్డానికి వచ్చాడు. "అలా తగిలించావేం?"

"తమరు చతురస్రపు పలక చెక్కించమన్నారట కదా ప్రభూ. ఇదేదో వేరేలా ఉంది."

"కళ్లు కనపడట్లేదా? చతురస్రమే! కాస్త తిరిగిందంతే!"

ద్వారం అవతల పిల్ల కిసుక్కున నవ్వింది. కొట్టు ఎక్కబోతున్నవాళ్లు ఆగి వెనక్కి చూశారు. రాజు పలకను చూశాడు, పిల్లను చూశాడు, మబ్బును చూశాడు. మొదటి చినుకు ఆయన మీదే పడింది.

"రానీ," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె ఉన్నది ఉన్నట్టుగానే లోపలికి నడిచింది. ఆ రాత్రి కొట్టులో ఒక్క బొట్టు కారలేదు.

మూడో మాటను రాజు చెరిపించలేదు, రాజు కదా. పలకను సరిచెయ్యమని కూడా అనలేదు. అది ఇప్పటికీ అలాగే వేలాడుతోంది. దాన్ని చదవాలంటే మాత్రం, రాజైనా సరే, కాస్త ఒరగాల్సిందే.