పద్నాలుగు టన్నుల రాయికి గొలుసెందుకు

మాలకొండయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి కాసేపు ఎగాదిగా చూసి, కండువా దులిపి భుజాన వేసుకుని లేచేవారు. ఆయన లేచారంటే ఆ జవాబు అడిగినవాడి ఒంటి మీదకు వస్తుందని యార్డులో పాతవాళ్ళందరికీ తెలుసు. అందుకని వాళ్ళు ఏదైనా అర్థం కాకపోతే అర్థమైనట్టే తలూపి వెళ్ళిపోయేవారు. తిరుపాలు యార్డుకు వచ్చి పదిరోజులే అయింది. అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ యార్డు చీమకుర్తి దాటాక రోడ్డు పక్కన ఉండేది. క్వారీల్లో కోసిన గ్రానైటు దిమ్మలు అక్కడ ట్రైలర్లకెక్కి రేవుకు వెళ్ళేవి. ట్రైలరంటే మామూలు లారీలాగా చుట్టూ గోడలుండవు. పొడుగాటి ఇనప బల్ల, ముందు క్యాబిను, ఆ రెంటికీ మధ్య నడుమెత్తు రేకు అడ్డం, అంతే. దాని మీద నిలబెట్టిన రాయి నిలబడి ఉండాలంటే కట్టాలి. మాస్టారు ముప్పై ఏళ్ళు ట్రైలరు తోలి, కళ్ళు మసకబారాక రోడ్డు మీద తోలడం మాని, ఈ కట్టే పని చూసుకుంటున్నారు. ప్రతి బండి కట్టునూ ఆయన తడిమి చూసి చీటీ మీద సంతకం పెడితేనే గేటు తెరుచుకునేది. కొత్త డ్రైవర్లు పదిరోజులు ఆయన దగ్గర కట్టు నేర్చుకోవాలి. ఓనర్లు వేళాకోళంగా వాళ్ళను మాస్టారి శిష్యులనేవారు. మాస్టారు మాత్రం ఆ మాటను వేళాకోళంగా తీసుకోలేదు.

తిరుపాలు అంతకుముందు పదేళ్ళు పత్తి లారీ తోలాడు. ఒక్క బేలు కింద పడలేదు, ఒక్క మనిషికి గీటు తగల్లేదు. మనిషి నూట ముప్పై కిలోలు. ఆ బరువంటే అతనికి సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వమే. ఒకప్పుడు లారీల ధర్నాలో రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నలుగురు కానిస్టేబుళ్ళు చెరో రెక్కా చెరో కాలూ పట్టుకుని లాగారట, అంగుళం కదల్చలేకపోయారట. చివరికి సీఐ గారే వచ్చి, అయ్యా నీకు దండం, నీ అంతట నువ్వే లేచి వ్యాన్ ఎక్కమని బతిమాలుకున్నారట. ఈ కథ తిరుపాలు యార్డులో అడుగుపెట్టిన మొదటిరోజే చెప్పాడు. మూడోరోజుకు కానిస్టేబుళ్ళు ఆరుగురయ్యారు.

ఆరోజు మే నెల ఎండ. ఇనప బల్ల మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. సాయంత్రానికి తిరుపాలు సొంతంగా మొదటి ట్రిప్పు కొట్టాలి. పొద్దుటి నుంచి మాస్టారు అతని చేత వేరేవాళ్ళ బండ్లు కట్టిస్తున్నారు. రాయి కింద రబ్బరు చాప పరవాలి. నాలుగు వైపులా చెక్క దిమ్మలు బిగగొట్టి అడ్డం పెట్టాలి. గొలుసులు ముందుకు, వెనక్కు, అడ్డదిడ్డంగా వేసి ఇనప కడ్డీతో బిగించాలి. చేతులు బొబ్బలెక్కాయి. నాలుగో బండి దగ్గరకు వచ్చేసరికి తిరుపాలు కడ్డీ కింద పడేసి, వచ్చిన రోజు నుంచీ కడుపులో పెట్టుకున్న మాట అడిగేశాడు.

"మాస్టారూ, ఇది పద్నాలుగు టన్నుల రాయి. దీన్ని కదపాలంటే క్రేను రావాలి. తనంత తాను ఎక్కడికీ పోలేనిదానికి ఇన్ని గొలుసులెందుకు?"

పక్క బండి మీద ఉన్న ఇద్దరు పని ఆపి కిందికి దిగారు. మాస్టారు తిరుపాలును కాళ్ళ నుంచి తలదాకా చూసి, కండువా దులిపి లేచారు.

క్యాంటీను నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు. ఖాళీ ట్రైలరు బల్ల నడుమ వేయించారు. ముందున్న రేకు అడ్డానికి ఊక బస్తాలు వరసగా పేర్పించారు. అవి ఎందుకో తిరుపాలు అడగలేదు. కుర్చీలో కూర్చోమన్నారు, కూర్చున్నాడు. యార్డు లోపలే ఒక్క చుట్టు, సైకిలు పోయేంత వేగం, నువ్వు చేయాల్సిందల్లా కదలకుండా ఉండటమే అని చెప్పి మాస్టారు క్యాబిను ఎక్కారు. తిరుపాలుకు నవ్వొచ్చింది. కదలకుండా ఉండటంలో ఈ జిల్లాలో తనకు సాటి ఎవరున్నారు? మీసం మీద చెయ్యి వేసుకుని, తొడలు బారజాపి, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

బండి కదిలింది, కొంచెం పరుగందుకుంది. యార్డు మధ్యకు వచ్చాక మాస్టారు బ్రేకు మీద కాలు వేశారు.

కుర్చీ, అందులోని తిరుపాలూ ఏమాత్రం తొణక్కుండా, అతను కూర్చున్న భంగిమలోనే, బల్ల మీది రాతిపొడిలో జర్రున జారుకుంటూ పోయి ఊక బస్తాలను గుద్దుకున్నారు. కుర్చీ కాళ్ళు విరిగాయి. తిరుపాలు తల ఒక బస్తాలో దూరింది. నలుగురూ పరుగున వెళ్ళి పైకి లేపితే మీసాల్లోంచి ఊక రాలింది. మాస్టారు నిదానంగా క్యాబిను దిగి వచ్చి, కదిలావా అని అడిగారు.

తిరుపాలు నోట్లోని ఊక ఉమ్మి, ఆలోచించి చెప్పాడు. "నేను కదల్లేదు మాస్టారూ. నేను కూర్చున్నట్టే కూర్చున్నాను. బండే ఆగిపోయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. సరైన జవాబు విన్న పంతులులా తల ఊపారు. తిరుపాలుకు ఆ ఊపు నచ్చలేదు. తప్పంతా కుర్చీదేనని, ప్లాస్టిక్ కాళ్ళు నున్నగా ఉంటాయని, తనను ధర్నాలో కూర్చున్నట్టు నేల మీద కూర్చోనిస్తే అప్పుడు చూడమని అన్నాడు. మాస్టారు కాదనలేదు. ఒక గోనెసంచీ తడిపి పరిపించి, బల్ల చల్లబడ్డాక తీయించారు. తిరుపాలు బాసింపట్టు వేసి, రెండు అరచేతులూ ఇనుముకు ఆనించి, పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఈసారి మాస్టారు బ్రేకు వేయలేదు. యార్డు మూలలో బండిని మలుపు తిప్పారు, అంతే. తిరుపాలు తిరగలి రాయిలా గుండ్రంగా తిరిగి, అందరికీ వీపు చూపిస్తూ, బల్ల అంచున కాళ్ళు కిందికి వేలాడేసుకుని ఆగాడు. పక్కన నడుస్తున్న ఇద్దరు పట్టుకున్నారు గనక సరిపోయింది. అతను కిందనున్న నేల వంక చూసి కాళ్ళు పైకి లాక్కున్నాడు.

అప్పుడు మొదటిసారిగా తనే నోరు తెరిచి, మాస్టారూ, నడుం మీదుగా ఒక బెల్టు వేయండి అన్నాడు.

మాస్టారు ఒకటి వేశారు. బ్రేకు వేస్తే తిరుపాలు బెల్టు కిందనుంచి జారి చంకలదాకా వచ్చి, పొదలో చిక్కిన దున్నలా వేలాడాడు. ముందుకు పోకుండా వెనకవైపు నుంచి మరొకటి వేయమన్నాడు. వేశారు. ఈసారి పక్కకు ఒరిగాడు. అటొకటి ఇటొకటి అడ్డంగా వేయమన్నాడు. అవీ వేశారు. పిరుదుల కింద జారుతోంది, రబ్బరు చాప పరవండన్నాడు. మోకాళ్ళ ముందు చెక్క దిమ్మ పెట్టమన్నాడు, వెనకొకటి పెట్టమన్నాడు. పదిరోజులుగా ఏ పని చేయలేక విసుక్కున్నాడో ఆ పనంతా ఇప్పుడు బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే, మహా శ్రద్ధగా, ఇలా కాదు అలా అంటూ పురమాయిస్తున్నాడు. మాస్టారు అతను అడిగినది అడిగినట్టు చేశారు. అడగనిది ఒక్కటీ చేయలేదు.

సరిగ్గా ఆ సమయానికి తిరుపాలు భార్య చెంచులక్ష్మి క్యారియరు పట్టుకుని యార్డులోకి వచ్చింది. ఎండలో, ట్రైలరు నడిబొడ్డున, అడ్డంగా నిలువుగా బెల్టులతో కట్టేసి, ముందూ వెనకా చెక్కలు పెట్టి, రేవుకు పంపడానికి సిద్ధం చేసినట్టున్న మొగుణ్ణి చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. ఏం తప్పు చేశాడని మెల్లిగా అక్కడున్నవాళ్ళను అడిగింది. వాళ్ళు నవ్వాపుకుంటూ జరిగింది చెప్పారు. తిరుపాలు తల తిప్పుకుందామని చూశాడు గానీ తిప్పడానికి సందు లేదు.

చెంచులక్ష్మి నవ్వలేదు. కిందటేడు పొదిలి రోడ్డులో గేదె అడ్డం వచ్చిందని ఒక డ్రైవరు బ్రేకు వేస్తే వెనకున్న రాయి క్యాబినులోకి వచ్చేసింది. అతని భార్య వాళ్ళ వీధిలోనే ఉంటుంది. ట్రైలరు పనికి పోతానని తిరుపాలు అన్న రోజు నుంచి చెంచులక్ష్మికి ఆమె ముఖమే కళ్ళ ముందు మెదులుతోంది. ఆ మాట మొగుడితో అనలేదు, అపశకునమని. క్యారియరు కింద పెట్టి, చక్రం మీద కాలు వేసి బల్ల ఎక్కి, మొగుడి పొట్ట మీది బెల్టు కింద వేళ్ళు దూర్చి చూసింది. రెండు వేళ్ళు సులువుగా దూరాయి.

"ఇంకాస్త బిగించండి మాస్టారూ," అంది.

తిరుపాలు పొట్ట లోపలికి లాక్కున్నాడు. మాస్టారు బిగించారు. బండి యార్డంతా రెండు చుట్లు తిరిగింది. రెండో చుట్టు సగంలో తిరుపాలే ఆపమని కేకేశాడు. రబ్బరు చాప కింద సర్దుకుందో, తన ఒళ్ళే సర్దుకుందో, బెల్టులు వదులయ్యాయి, మళ్ళీ బిగించమన్నాడు. బిగించాక మూడో చుట్టులో మాస్టారు గట్టిగా బ్రేకు వేశారు. బండి మొత్తం ముందుకు ఒంగి లేచింది. తిరుపాలు తల మీది తువ్వాలు ఎగిరి క్యాబిను మీద పడింది. తిరుపాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. ఇక సరిపోయింది, విప్పండన్నాడు. మాస్టారు దిగి బెల్టులు విప్పారు.

సాయంత్రం క్రేను తిరుపాలు బండి మీద రాయి పెట్టింది. చాప పరవడం, చెక్కలు కొట్టడం, గొలుసులు వేయడం అన్నీ అతనే చేసుకున్నాడు. నాలుగో గొలుసు దగ్గర ఉండగా క్వారీ సూపర్‌వైజరు శ్రీహరి మోటారు సైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి, రేవులో ఓడ ఆగి ఉందని, పద్నాలుగు టన్నుల రాయి ఎక్కడికి పోతుందని, ఇక చాలు బండి తీయమని తొందరపెట్టాడు. తిరుపాలు కడ్డీ మీద నుంచి చెయ్యి తీయకుండానే, సార్, పక్కన కుర్చీ ఉంది, బల్ల మీద వేస్తాను, ఒక్కసారి కూర్చుంటారా అని మర్యాదగా అడిగాడు. ఊక బస్తాలు ఇంకా అక్కడే ఉన్నాయి. శ్రీహరికి మధ్యాహ్నం కథ అప్పటికే చేరినట్టుంది, మోటారు సైకిలు వెనక్కు తిప్పుకున్నాడు. ఎనిమిది గొలుసులయ్యాక మాస్టారు వచ్చి ఒక్కొక్కటీ తడిమి సంతకం పెట్టారు. బండి గంట ఆలస్యంగా గేటు దాటింది.

ఒంగోలు చేరకముందే తిరుపాలు బండి పక్కకు తీసి గొలుసులు చూసుకున్నాడు. రెండు వదులయ్యాయి, బిగించాడు. టంగుటూరు దాటాక మోపెడ్ బండి మీద ఒక మనిషి, వెనక రెండు పచ్చగడ్డి మోపులు వేసుకుని, అటూ ఇటూ చూడకుండా రోడ్డుకు అడ్డంగా వచ్చేశాడు. తిరుపాలు నిలువునా బ్రేకు మీద నిలబడ్డాడు. బండి అరుస్తూ ఆగింది. మోపెడ్ మనిషి గడ్డిమోపు సర్దుకుని, తిరుపాలునే నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు. తన వీపు వెనక, రేకుకు అవతల, గొలుసులు ఒక్కసారి టక్కుమనడం తిరుపాలుకు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. బండి పక్కకు తీసి ఆపాడు. దిగి వెళ్ళి చూస్తే రాయి వేలెడు కూడా జరగలేదు. ఇంకా వెచ్చగా ఉన్న దాని పక్క మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత గొలుసులన్నీ మళ్ళీ ఒకసారి బిగించాడు.

రెండోరోజు ఖాళీ బండితో యార్డుకు తిరిగొచ్చి, మోపెడ్ సంగతి మాస్టారికి చెప్పాడు. ఆయన విన్నారు, మెచ్చుకోలేదు. తిరుపాలు కాసేపు తచ్చాడి, మనసులో మిగిలిపోయిన చిన్న నిష్ఠూరం కూడా బయటపెట్టాడు. ఎన్ని బెల్టులు కావాలో మాస్టారికి మొదటే తెలుసు. మొదటే అన్నీ వేసి చూపించి ఉంటే తను ఊక తినే పనీ, బల్ల చివర కాళ్ళు వేలాడేసుకునే పనీ తప్పేవి. ఒక్కొక్కటీ తను అడిగి, అరిచి, వేయించుకునేదాకా ఆయన ఎందుకు ఆగినట్టు?

ప్రశ్న నోరు దాటాక తిరుపాలుకు భయం వేసి చుట్టూ కుర్చీ కోసం చూశాడు. కానీ ఈసారి మాస్టారు లేవలేదు. పక్క బండి మీద ఇంకా కట్టని రాయిని గడ్డంతో చూపించారు.

"నీకు నోరుంది కదా, అబ్బయ్యా," అన్నారు.