జులపాల పైల్వాను

ఉరుకుందప్పకు ముప్పై ఎనిమిదో ఏట వచ్చిన కష్టం అంతకుముందు ఏ గోదాలోనూ రాలేదు. తలవెంట్రుకలు రాలిపోతున్నాయి.

ఇంకొకరికైతే అది అద్దం ముందు రెండు నిమిషాల దిగులు. ఉరుకుందప్పకు అది ఏకంగా పేరుకు వచ్చిన ముప్పు. ఆదోని చుట్టుపక్కల నలభై ఊళ్ళలో అతన్ని జులపాల పైల్వాను అనేవాళ్ళు. భుజాల దాకా నల్లటి ఉంగరాల జుట్టు. కుస్తీకి దిగేముందు ముడి విప్పి తల ఒక్కసారి విదిలించేవాడు. అంతే, తప్పెట్లు మోగేవి. చెట్లెక్కి కూర్చున్నవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. ఎదుటివాడు సగం అక్కడే డీలా పడేవాడు. జాతర కాగితాల మీద అతని బొమ్మ వేయించినా ఆ జుట్టుతోనే వేయించేవాళ్ళు.

ఆ జుట్టు మొదట నుదుటి దగ్గర పలచబడింది. తర్వాత నడినెత్తిన. పొద్దున లేస్తే దిండు మీద గుప్పెడు ఉండేది. కొన్నాళ్ళకు దిండు శుభ్రంగా కనబడసాగింది. రాలడం ఆగిందని ఉరుకుందప్ప రెండు నెలలు సంతోషపడ్డాడు. ఒకరోజు మొహం కడుక్కోవడానికి పోతూ, చెంబు మరిచిపోయి వెనక్కి వస్తే, భార్య సుంకులమ్మ దిండు గలీబు గడప బయట దులుపుతూ కనబడింది. అతను చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. మెంతులు నూరి పట్టించాడు. ఉసిరికాయ నూనె రాశాడు. ఎవరో చెబితే ఉల్లిగడ్డ రసం మూడు నెలలు పట్టించాడు. కుస్తీ సాధన చేసే తాలీంలో అతనితో జోడు కట్టినవాళ్ళు, పట్టు కన్నా ముందు ముక్కు పట్టుకోవాల్సి వస్తోందని మొత్తుకున్నారు. జుట్టు మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది.

అప్పటినుంచి ఉరుకుందప్ప కళ్ళు ఊళ్ళో మగవాళ్ళ తలల మీదే ఉండేవి. టైలరు ఖాజా టోపీ ఎందుకు తీయడో ఇప్పుడు అర్థమైంది. డ్రాయింగు మాస్టరు ఎడమ చెవి పక్కన పెంచిన నాలుగు పాయలను కుడి చెవి దాకా దువ్వి అంటించేవాడు. గాలి తోలిన రోజున గోడవారగా, పక్కకు తిరిగి నడిచేవాడు. జిన్నింగు మిల్లు గుమాస్తా వెంకోబరావు అందరికన్నా తెలివైనవాడు. నాలుగు నెలలకొకసారి మంత్రాలయం పోయి, మొక్కుందని గుండు చేయించుకుని వచ్చేవాడు. ఆయనకు జుట్టు ఊడిందో, దేవుడికి ఇచ్చేశాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఉరుకుందప్పకు ఇవేవీ నచ్చలేదు. చివరికి తలకు ఎర్ర రుమాలు చుట్టాడు. ఇంట్లో, వీధిలో, తాలీంలో, ఎక్కడా అది తీసేవాడు కాదు.

ఆ ఏడు తేరుకు కుస్తీలు పెట్టారు. ఉరుకుందప్పకు జోడుగా సిరుగుప్ప నుంచి పంపాపతి అనే కుర్రవాడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళు, లేగదూడ ఉరుకు. ఉరుకుందప్ప తలకు దెబ్బ తగిలిందని పెద్దలకు చెప్పి రుమాలుతోనే దిగాడు. మొదటి మూడు నిమిషాలు బాగానే సాగాయి. పంపాపతి నడుము అతనికి చిక్కింది. ఎత్తి వేయడమే తరువాయి. ఆ పెనుగులాటలో కుర్రవాడి మోచెయ్యి తగిలి రుమాలు ఊడి మట్టిలో పడింది.

మూడువేల మంది చూశారు. ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

ఉరుకుందప్ప కుడి చెయ్యి తనంతట తానే నడుము వదిలేసి నెత్తి మీదికి పోయింది. ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగేలోపు అతను వెల్లకిలా పడి ఉన్నాడు. రెండు భుజాలూ నేలకు ఆనాయి. తప్పెట్లు సిరుగుప్ప వాళ్ళ వైపు మోగాయి.

పదకొండు రోజులు అతను తాలీం ముఖం చూడలేదు. పన్నెండో రోజు మౌలాలి వస్తాదు దగ్గరికి పోయాడు.

మౌలాలి వస్తాదుకు డెబ్భై ఒకటి. పత్తి మార్కెట్టు వెనక రేకుల కప్పు కింద ఆయన తాలీం నలభై ఏళ్ళుగా నడుస్తోంది. కుస్తీ నేర్పడంతో పాటు విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. రెండు పనుల్లోనూ మాట తక్కువ. ఉరుకుందప్ప పద్నాలుగో ఏట ఆయన దగ్గర చేరాడు. తండ్రితో చెప్పుకోలేనివి కూడా ఆయనతో చెప్పుకునేవాడు.

ఆ పొద్దు వస్తాదు ఒక రైతు మణికట్టుకు వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడుతున్నాడు. ఉరుకుందప్ప పక్కన చతికిలబడి గుండెలో ఉన్నదంతా కక్కేశాడు. ఓడిపోయినందుకు బాధ లేదన్నాడు. కుర్రవాడి చేతిలో ఓడితే ఓడాను, జనం నవ్వింది మాత్రం మరవలేకపోతున్నానన్నాడు. వచ్చే ఉరుసుకు మళ్ళీ పంపాపతితోనే జోడు పెట్టారని, ఈ తలతో తాను దిగనని చెప్పాడు.

"విరిగిన ఎముకలు అతికిస్తారు, బెణికిన మెడలు సరిచేస్తారు. దీనికి మందు లేదా వస్తాదూ?"

వస్తాదు అతని తల వైపు చూడనైనా చూడలేదు. ముడి బిగించి, చెయ్యి ఎత్తి పెట్టుకొమ్మని రైతుకు చెప్పి పంపాడు.

"ఉంది," అన్నాడు. "రేపు పొద్దున్నే రా. పార తెచ్చుకో."

ఉరుకుందప్ప ఇంటికి నడిచి పోలేదు, పరుగే. ఇన్నాళ్ళూ ఆయన్ను అడగకుండా ఊరంతా తిరిగినందుకు తనను తానే తిట్టుకున్నాడు. పార ఎందుకని సుంకులమ్మ అడిగితే, ఏదో వేరు తవ్వడానికేనన్నాడు. ఏ వేరో, ఏ గుట్ట మీద దొరుకుతుందో ఆమెకు గంటసేపు చెప్పాడు. ఉరుసుకు ఇంకా నెలన్నర ఉంది. నెలన్నరలో వెంట్రుక ఎంత పెరుగుతుందో వేలితో కొలిచి చూపించాడు. భుజాల దాకా రాకపోయినా చెవుల దాకా వస్తే చాలన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట మూడు జొన్నరొట్టెలు తిన్నాడు.

తెల్లవారి పార భుజాన వేసుకుని పోతే, వస్తాదు గుట్టకు బయల్దేరి లేడు. గోదా గట్టు మీద పెద్ద జల్లెడ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"తవ్వు," అన్నాడు.

ఏటా ఉరుసు ముందు గోదా మట్టి తిరగేయడం మామూలే. పైపైన జానెడు తవ్వి, గడ్డలు చితగ్గొట్టి, మజ్జిగా నూనే పసుపూ కలిపి తొక్కుతారు. మందులో ఇదీ ఒక భాగం కాబోలనుకుని ఉరుకుందప్ప ఉత్సాహంగా దిగాడు. జానెడు తవ్వి ఆగాడు. వస్తాదు ఇంకా అన్నట్టు చెయ్యి ఊపాడు. మూరెడు తవ్వాడు. ఇంకా. మోకాటి లోతు వచ్చేదాకా ఆయన ఆపమనలేదు.

తర్వాత ఆ మట్టిని గంప గంపగా జల్లెడ పట్టించాడు. మెత్తటి ఎర్రమన్ను కిందికి జారిపోయింది. జల్లెడలో గులకరాళ్ళు మిగిలాయి. ఎవరిదో తెగిన తాయెత్తు, మొలతాడు ముక్క, ఎముకలా ఎండిన వేపపుల్లలు. వాటితో పాటు ప్రతి గంపకూ వెంట్రుకలు. చిక్కులు చిక్కులుగా, మట్టి అంటుకుని, పిచ్చుక గూళ్ళలా.

వస్తాదు వాటిని ఒక్కొక్కటే తీసి, దులిపి, పక్కన పెడుతూ వచ్చాడు. మన్నంతా అయిపోయేసరికి కొబ్బరికాయంత ఉండ తయారైంది. దాన్ని తెచ్చి ఉరుకుందప్ప దోసిట్లో పెట్టాడు.

"ఇందులో నీవీ ఉండాయి. ఏరి ఇయ్యి, అతికిస్తా."

ఉరుకుందప్ప ఆయన మొహంలోకి చూశాడు. నవ్వులాట కనబడలేదు. ఇరవై నాలుగేళ్ళలో వస్తాదు చెప్పిన పని చేయకుండా ఎప్పుడూ ఉండలేదు. గట్టు మీద కూర్చుని నిజంగానే ఏరడం మొదలుపెట్టాడు.

నల్లటి ఉంగరాల పాయ ఒకటి దొరికింది. చప్పున పక్కకు తీశాడు. కానీ తన పక్కనే పదేళ్ళు కుస్తీ పట్టిన బోయ తిక్కన్నకూ ఉంగరాల జుట్టే. తిక్కన్న పోయి అప్పుడే ఆరేళ్ళయింది. అతని నవ్వు, అతని కాలి పట్టు, ఇద్దరూ ఒకే చెంబుతో నీళ్ళు పోసుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ పాయను ఏ వైపు పెట్టాలో తెలియలేదు. గోరింటాకు ఎరుపువి కొన్ని వచ్చాయి. తెల్లబడినవి వచ్చాయి. పురికొసలా ముతకవి వచ్చాయి. తాను పేరు కూడా మరిచిపోయిన పైల్వాన్లు ఎందరో అక్కడే పడి, అక్కడే లేచారు. అన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి లాగితే నాలుగు వచ్చేవి.

అడుగున బారుగా, పట్టుదారంలా మెత్తటివి కనబడ్డాయి. అట్లాంటి జుట్టు తాలీంలో ఎవరికీ చూసిన గుర్తు లేదు. ఇవి ఎవరివని అడిగాడు.

"నావేమో," అన్నాడు వస్తాదు. "నాకూ ఉండె."

ఉరుకుందప్ప తలెత్తాడు. రేకుల సందులోంచి పడిన ఎండలో వస్తాదు తల మెరుస్తోంది. పద్నాలుగో ఏటి నుంచి రోజూ చూస్తున్న తల. అది బట్టతల అని అతనికి ఒక్కనాడూ తోచలేదు.

వస్తాదు గట్టుకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి ఉరుకుందప్ప లేచి గోదాలోకి దిగాడు. వెంట్రుకల ఉండను మధ్యలో పెట్టి పైన మన్ను కప్పాడు. మిగిలిన మన్నంతా లాగి సమం చేశాడు. మజ్జిగ కుండలు ఒంపాడు. నువ్వుల నూనె పోశాడు, పసుపు చల్లాడు. తొక్కడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా చెమట. తల మీది ఎర్ర రుమాలు విప్పి మొహమూ మెడా తుడుచుకుని, దాన్ని గుంజకు తగిలించాడు.

"లంగోటా కట్టు," అన్నాడు వస్తాదు కళ్ళు తెరవకుండానే.

ఆ నెలన్నర వస్తాదు అతనికి ఊపిరి సలపనివ్వలేదు. పొద్దున ఇద్దరు కుర్రవాళ్ళను ఒకేసారి మీదికి వదిలేవాడు. సాయంత్రం తాడు ఎక్కించి, బరువు కట్టి పరుగెత్తించేవాడు. ఉరుకుందప్పకు పద్దెనిమిదేళ్ళప్పటి ఆకలి వచ్చింది. ఉరుసుకు రెండు రోజుల ముందు మంగలి దగ్గరికి పోయి, చెవుల చుట్టూ మిగిలింది కూడా తీసేయమన్నాడు. ఏ దేవుడి మొక్కని మంగలి అడిగాడు. ఏ మొక్కూ లేదన్నాడు.

ఉరుసు నాడు నేల ఈనినట్టు జనం. బండ్ల మీద, గోడల మీద, కరెంటు స్తంభాల కింద, ఎక్కడ చూసినా తలలే. చిన్న జోళ్ళన్నీ అయిపోయి, వెండి కడియానికి చివరి జోడు పిలిచారు. సిరుగుప్ప పంపాపతి అనగానే తప్పెట్లు దద్దరిల్లాయి. తర్వాత మైకు పట్టుకున్నాయన, "జులపాల" అని మొదలుపెట్టి, గోదా గట్టు మీదున్న మనిషిని చూసి ఆగిపోయాడు. నున్నటి గుండు, విశాలమైన భుజాలు. జనంలో గుసగుస లేచింది. అక్కడక్కడా నవ్వులు కూడా. ఆయన మైకు చేత్తో మూసి, ఏమని పిలవాలని మెల్లగా అడిగాడు.

"మా అమ్మ పెట్టిన పేరుతో పిలువు."

ఉరుకుందప్ప దిగాడు. విదిలించడానికి ఏమీ లేదు కాబట్టి నేరుగా వంగి మట్టి తీసుకుని ఛాతీకి రాసుకున్నాడు.

పంపాపతి పులిలా వచ్చాడు. పోయినసారి మూడు నిమిషాల్లో తేలిన మనిషే కదా అనే ధీమా అతని అడుగులో ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. కుర్రవాడు ఉరుకుందప్ప తలను చంకలో ఇరికించి మెడ విరిచే పట్టు వేశాడు. ఎంతటివాడైనా లొంగాల్సిన పట్టు అది. కానీ పట్టుకు చిక్కడానికి వెంట్రుక లేదు. చెమటతో తడిసిన గుండు చంకలోంచి సబ్బుబిళ్ళలా జారి బయటికి వచ్చింది. జనం గొల్లుమన్నారు. పంపాపతికీ నవ్వొచ్చింది. ఉరుకుందప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే కిందికి దూరి కుర్రవాణ్ణి భుజాల మీదికి ఎత్తేశాడు. గోడల మీదివాళ్ళు నిలబడ్డారు. పంపాపతి గాలిలోనే మెలి తిరిగి పిల్లిలా కాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ కలబడ్డారు.

ఇరవై నిమిషాలు నిండాయి. ఇద్దరి భుజాలకూ మట్టి అంటలేదు. పెద్దలు గోదాలోకి వచ్చి ఇద్దరి చేతులూ ఎత్తి, జోడు సమానమన్నారు. కడియాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పంపాపతి వంగి ఉరుకుందప్ప మోకాలు ముట్టి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు జనం అరిచిన అరుపుకు పందిరి గుంజలు ఊగాయి. ఉరుకుందప్పా, ఉరుకుందప్పా అనే అరిచారు. ఆ ముందు మాట ఎవరికీ గుర్తు రాలేదు.

వస్తాదు గోదా అంచున మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉరుకుందప్ప రొప్పుతూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర వంగాడు. గెలిచినా ఓడినా ప్రతి కుస్తీ తర్వాతా వస్తాదు తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణంలో తీసేసేవాడు. ఈసారి చెయ్యి తీయలేదు. ఆ అరచేతి గరుకూ వేడీ ఉరుకుందప్పకు నడినెత్తిన తెలుస్తున్నాయి.

"ఇరవై నాలుగేండ్లు జుట్టు మీదనే పెడితిని చెయ్యి," అన్నాడు వస్తాదు. "ఈపొద్దు తల దొరికింది."